జల్లెడలో చిక్కిన అర్జీ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలం జనగామ నుంచి నన్ను భూపాలపల్లి జిల్లా కార్యాలయానికి బదిలీ చేశారు. ఇన్వార్డు సీనియర్ అసిస్టెంటు పని. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, సెక్షనుకు పంపాలి. ముందు నంబరు, తరువాతే అభిప్రాయం. నేను బడిలో చదివింది ఏడో తరగతే. మిగతాదంతా కొనుక్కున్న పుస్తకాలతో, ప్రైవేటుగా రాసిన పరీక్షలతో నేర్చుకున్నాను.

ఆ ఏడాది నుంచి అర్జీలు ఈమెయిల్‌లో తీసుకోమన్నారు. అర్జీల కంటే ముందు చెత్త వచ్చింది. లాటరీ తగిలిందని, బట్టతలకు నూనె అని రోజుకు వందలు. సూపరింటెండెంట్ పోలీసులకు ఫిర్యాదు రాయించారు. వాళ్లు పంపినవాడి ఊరూ పేరూ అడిగారు. అవే తెలిస్తే మేమే వెళ్లి అడిగేవాళ్లం కదా! చివరికి మా ప్రోగ్రామర్ శ్రీకాంత్ ఫిల్టర్ పెట్టాడు. ఒకే ఉత్తరం పదేపదే వచ్చినా, ఒకేసారి చాలామందికి వెళ్లినా, అది చెత్త మెయిళ్ల పెట్టెలో పడుతుంది. రెండు రోజుల్లో పీడ వదిలింది. నేనే అతనికి చాయ్ తాగించాను.

నర్సింగ్ శిక్షణకు మూడు జిల్లాల ఆడపిల్లల ఎంపిక మా దగ్గరే జరిగేది. తాత్కాలిక జాబితా మీద అభ్యంతరాలు శుక్రవారం ఐదింటిలోగా మెయిల్‌లో పంపాలన్నాం. ఒక్కటీ రాలేదు. సోమవారం తుది జాబితా సంతకానికి సిద్ధమవుతుండగా మరిపెడ దగ్గరి తండా నుంచి మంగమ్మ కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. మార్కులు తప్పుగా ఎక్కి ఆ పిల్ల పేరు జాబితాలో లేదు.

"పదకొండు మాట్ల పంపినం సారూ! ఒక్క జవాబు లేకపాయె."

చెత్త పెట్టె తెరిపించాను. పదకొండూ అందులోనే ఉన్నాయి. మొదటిది గురువారం మధ్యాహ్నానిది. మన జనం అర్జీ రాస్తే తహసీల్దారు నుంచి మంత్రి దాకా అందరికీ నకలు పంపుతారు; మంగమ్మా అదే చేసింది. ముప్పై ఏళ్లు అలాంటి వాటికి ముద్రలు కొట్టినవాణ్ని, ఫిల్టర్ పెట్టిన రోజే ఆ మాట చెప్పాల్సింది. తప్పు నాది. శ్రీకాంత్ మొహం మాడిపోయింది. "నాకు తోచలే బాపూ" అన్నాడు.

మంగమ్మ కంప్యూటరును ఎగాదిగా చూసింది. "మా అర్జీ చెత్త అనుడానికి గీ డబ్బ ఎంత సదువుకున్నది సారూ?"

సూపరింటెండెంట్ మాత్రం మెత్తబడలేదు. "మనం చూడలే, అంటే ముట్టనట్టే. గడువు అయిపాయె. ఇంకేంది నర్సయ్యగారూ?"

నాకు ఒళ్లు మండింది. చూడకపోవడం మన తప్పయితే గడువు ఆమెకు దాటుతుందా? హనుమకొండలో కొన్న ఐటీ చట్టం పుస్తకం బీరువాలోంచి తీశాను. మనం చెప్పిన పెట్టెలోకి మెయిల్ చేరిన క్షణమే అది మనకు అందినట్టు. చదివామా లేదా అన్నది లెక్కకు రాదు. ఆ వాక్యం కింద గీత గీసి, నోట్ రాసి, జిల్లా అధికారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, అభ్యంతరం స్వీకరించమని రాశారు. సోమవారం నంబరే వేసి, పక్కన గురువారం చేరిన సమయం ఎక్కించాను. మార్కులు సరిచేశాక పిల్ల పేరు జాబితాకెక్కింది.

ఫిల్టర్ తీయలేదు. రోజూ నాలుగింటికి ఆ చెత్త పెట్టె చదివి రిజిస్టరులో సంతకం చేసే పని నాకే అంటగట్టారు. రిటైరయ్యే నాటికి బట్టతల నూనెల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు జిల్లాలో లేడు.

చట్టం మంచిదా, యంత్రం మంచిదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. చెత్తను ఆపింది యంత్రమే, చట్టం వల్ల ఒక్కటీ ఆగలేదు. ఆపకూడనిది ఆగినప్పుడు దాన్ని బయటికి తెచ్చింది చట్టం. కానీ మంగమ్మ బస్సెక్కి రాకపోతే ఆ పుస్తకం బీరువాలోనే ఉండేది. అందుకే జల్లెడ పెట్టినవాడు, పారబోసే ముందు ఒకసారి చేత్తో కెలికి చూడాలి.