వరస కుదరని చుట్టం

“ఈ జ్వరం లోపల ఎన్ని కణాల్ని మింగేస్తోందో” అంది ఆమె, మూడేళ్ళ కూతురి నుదుటి మీంచి చెయ్యి తియ్యకుండా. మామూలు వైరల్ జ్వరమే, నీళ్ళు బాగా తాగించమని డాక్టరు చెప్పి పంపాడు. అయినా వైరస్‌ల గురించి చదువుకున్న తల్లికి నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్దమ్మ పక్కనుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పెద్దమ్మకు ఒకటే పిచ్చి. వైరస్‌ను వైరస్ అనదు, చుట్టం అంటుంది. ఇద్దరూ కలిసి పనిచేసిన ల్యాబులో కణాలు పెంచే గది పెద్దమ్మది. రక్తసంబంధం ఎవరితోనూ లేదు, అందరికీ పెద్దమ్మే. కణాన్ని పుస్తకంలో ‘అతిథేయి’ అన్నాక, దూరినవాడు చుట్టం కాక మరేమిటని ఆమె వాదన.

మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే చుట్టాల గుణగణాలు ఏకరువు పెట్టేది. ఒకడు ఇంటివాళ్ళ పొయ్యి మీదే తన సంతానానికి వండించుకుని, పోతూ పోతూ గోడలు పగలగొట్టి పోతాడు. ఇంకొకడు నాలుగు కొంపల నడిమి గోడలు తీయించి ఒకటే సత్రం చేస్తాడు. మరొకడు అటకెక్కి ఏళ్ళ తరబడి ముసుగుతన్ని పడుకుంటాడు. చుట్టం దూరాడని పసిగట్టి, వీధి బాగుండాలని తన ఇల్లు తానే కూల్చుకునే కణం కనిపిస్తే మాత్రం లేచి దణ్ణం పెట్టేది. డైరెక్టరు వచ్చినా లేవని మనిషి.

నాలుగేళ్ళ కిందట ఒకసారి, ఇంకా పేరు తేలని చుట్టం సీసాలో దిగాడు. ఆమె ఆ సీసా అందుకోబోతే, ఆమె చేతి మీద పెద్దమ్మ ఒక్కటి వేసింది.

“నీకూ వాడికీ వరస కుదరదు. పోయి గాజుసామాను కడుక్కో.”

ఇంత చదివించింది అంట్లు తోమడానికా అని ఆమె వారాల తరబడి లోలోపల కుతకుతలాడింది.

పెద్దమ్మ రిటైరై దూరాన చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడా గదిలో అందరూ వైరస్‌ను వైరస్ అనే అంటారు. ఉప్పులేని చారులా ఉంది ఉద్యోగం.

ఇక ఉండబట్టలేక ఫోను చేసింది. జ్వరం సంగతి చెబుతుండగానే పాత అక్కసు కూడా తన్నుకొచ్చింది.

“వరస కుదరకపోవడమేంటి పెద్దమ్మా, అప్పుడు?”

“పేరూ ఊరూ తెలియని చుట్టాన్ని కడుపుతో ఉన్నదాని పక్కన కూర్చోబెడతారా?”

“నేనప్పటికి ఎవరికీ చెప్పలేదే.”

“నువ్వు చెప్పలేదు, నిజమే. కాఫీ వాసనకే కిటికీ దగ్గరికి పరిగెత్తావు. నువ్వు దాచుకున్నది నలుగురిలో నేనెందుకు బయటపెడతానే, పిచ్చిదానా?”

ఆమె పిల్ల దుప్పటి సర్దింది. ఇప్పుడేం చెయ్యమంటారని మెల్లగా అడిగింది.

“డాక్టరు చెప్పింది చెయ్యి. పిల్ల పడుకుంటే మాత్రం మాటిమాటికీ తలుపు తియ్యకు. ల్యాబులో చుట్టాలు చంపిన కణాలకన్నా, ఎలా ఉన్నాయోనని నువ్వు ఇంక్యుబేటరు తలుపు తీసి తీసి చల్లారబెట్టి చంపినవే ఎక్కువ.”

పిల్ల నిద్రపోయింది. ఆమె తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంది. కుడిచెయ్యి గడియ వైపు వెళ్ళినప్పుడల్లా ఎడమచేత్తో దాని మీద ఒక్కటి వేసింది.