లోపలి గడియ

వార్డెనమ్మ పోయిందన్న కబురు నాకు ఒకప్పుడు నాతో పాటు హోమ్‌లో ఉన్న పలమనేరు పిల్ల చెప్పింది. "అక్కా, మన వార్డెనమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి మళ్లా పండుకునింది, ఇంక లేయలేదు" అని ఫోన్లో భోరుమంది. నాకు ఏడుపు కంటే ముందు కుళ్ళు పుట్టింది. ఆ కబురు నాకంటే ముందు ఆమెకెందుకు తెలియాలి? రిటైరయ్యాక వార్డెనమ్మ చంద్రగిరిలో తమ్ముడింట్లో ఉండేది. ఆ వెనక వీధిలోనే పలమనేరు పిల్ల కుట్టు మిషన్ పెట్టుకుంది. వార్డెనమ్మకు చివరి జాకెట్లు ఆమే కుట్టి ఉంటుందని కూడా అనుకున్నాను, అంత ఏడుపులోనూ.

తొంభైల్లో నేను మొగుడి దెబ్బలకు తాళలేక కట్టుబట్టలతో చిత్తూరు బస్సెక్కి, కోర్టు వెనకున్న ఆడవాళ్ల హోమ్‌కు వచ్చినదాన్ని. ఆ రోజు వార్డెనమ్మ నన్ను ఏమీ అడగలేదు. "నీకేమి జరిగిందో నీకు బుద్ధి పుట్టినప్పుడు సెప్పు మే. ఈ ఇంట్లో ఏమి బాగలేదో మాత్రం రేపే సెప్పు" అంది. మర్నాడే చెప్పాను. మా భద్రత కోసమని రాత్రిళ్లు గదికి బయట తాళం వేసేవాళ్లు. "మా ఇంట్లో మొగుడు గూడా బయటే తాళం ఏసేవాడు. ఈడ లోపల గడియ పెట్టించండి. మేము ఏసుకుంటాం" అన్నాను. సాయంత్రానికి వడ్రంగి వచ్చాడు. ఆ గడియ నాది. ఈ రోజుకీ దాన్ని ఎవరైనా గట్టిగా లాగితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ఒకసారి తిరుపతి నుంచి చందాలిచ్చే పెద్దమనుషులు వచ్చి, తమ సభలో మాలో ఎవరిచేతనైనా నాలుగు మాటలు మాట్లాడించమన్నారు. జరిగింది చెబితే సభలో అందరి మనసులూ కరుగుతాయట. "దెబ్బలు సూపిచ్చి అన్నం తినాల్సిన పని ఈడ లేదు సార్. ఇంటికి ఏమి కావాల్నో అడగండి, అది సెప్తారు" అంది వార్డెనమ్మ. వాళ్లు మొహాలు మాడ్చుకుని వెళ్లారు.

హోమ్‌ను నడిపే కమిటీలో వకీళ్లు, డాక్టర్లు, షావుకార్లు ఉండేవాళ్లు. మాలో ఒకరికి కూడా అక్కడ కుర్చీ ఉండాలని వార్డెనమ్మ పోరాడి సాధించింది. ఆ కుర్చీ నాదేననుకున్నాను. గడియ పెట్టించినదాన్ని నేను కదా! ఆమె పలమనేరు పిల్ల పేరు రాసింది. వచ్చి పట్టుమని పది వారాలు కాలేదు, ఆ పిల్లకు కుర్చీ! అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు అంటారు. మా అత్త నిజంగానే కొట్టింది. అప్పుడు కూడా నేనింత ఏడవలేదు.

"నీ కేసు ఇంకా కోర్టులో ఉండాది మే. ఆడ నువ్వు నోరు జారితే అవతలి వకీలు పట్టుకుంటాడు. నీ మంచికే" అంది వార్డెనమ్మ.

"నా మంచి నన్ను అడిగినారా? సెప్పండి సెప్పండి అని మమ్మల్ని అంటారు. ఎవురు సెప్పాలో మాత్రం మీరే సెప్తారు" అన్నాను.

ఆమె తాను రాసిన పేరు కొట్టేసి, గింజలు తీయాల్సిన చింతపండు గిన్నె తీసుకుని వాకిటి మెట్టు మీదికి వెళ్లి కూర్చుంది. "గడియ ఏసుకోండి. మీరే తేల్చుకోండి. పిలిస్తే వస్తా" అంది. అప్పటి నుంచి అదే మా పద్ధతయింది. ఏ సమావేశమైనా మొదట మేం మాట్లాడుకోవాలి, మేం తలుపు తీశాకే ఆమె లోపలికి రావాలి.

ఆ రోజు లోపల అందరూ కలిసి పలమనేరు పిల్లనే ఎన్నుకున్నారు. నాకోసం లేచింది నా చెయ్యి ఒక్కటే. తల గోక్కుంటున్నట్టు దించేశాను. అది చూసి గదంతా నవ్వింది. సిగ్గేసినా నాకూ నవ్వొచ్చింది.

కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల చేసిన మొదటి పని ఏమిటంటే, రాజీకని వచ్చే మొగుళ్లను, అత్తలను నేరుగా ముందు గదిలోకి రానివ్వడం మాన్పించింది. లోపలి మనిషి సరేనంటేనే వాళ్లు గడప దాటాలి. ఆ నియమం మొదట అక్కరకొచ్చింది నాకే. మా అత్త గేటు దగ్గరి నుంచే తిరిగి వెళ్లింది. ఆ ఆలోచన నాకు రాకపోయిందే అని ఇప్పటికీ కుళ్ళుకుంటాను.

ఆ రోజు ఎన్నిక అయ్యాక తలుపు తీసి మెట్టు దగ్గరికి వెళ్లాను. "మీరు పేరు రాసినామెనే అందరూ ఎన్నుకున్నారు" అన్నాను. గెలిచానన్నట్టు నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. పక్కన కూర్చోమని గిన్నె జరిపింది.

"లోపల మీరు నవ్వుతాంటే నాకూ కడుపు మండింది మే. నన్నిడిసిపెట్టి ఏమి నవ్వుకుంటా ఉండారో అని. అయినా లేసి రాగూడదు. లేసొస్తే ఇల్లు మళ్లా నాదైపోతాది" అంది.

ఇప్పుడు ఆ హోమ్‌కు వార్డెన్‌ను నేను. వార్డెనమ్మ దినం అయిన మరుసటి రోజు మా సమావేశం. పలమనేరు పిల్ల చంద్రగిరి నుంచి వచ్చింది. లోపలికి రమ్మని కొత్తగా వచ్చిన పిల్లలు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. నన్ను పిలవలేదు, పిలవకూడదు కూడా. చింతపండు గిన్నె తీసుకుని మెట్టు మీద కూర్చున్నాను. లోపల గడియ పడింది. కాసేపటికి ఎవరో ఏదో అన్నారు, అందరూ పకపకా నవ్వారు. వాళ్లలో పలమనేరు పిల్ల గొంతే పైకి వినబడింది. లేవబోయాను. మళ్లీ కూర్చుని, ఇంకో గింజ తీశాను.