పదకొండున్నర గేదె

మా కంపెనీలో ఆడవాళ్ళ బాత్రూము తలుపుకి ఎదురుగా ఒక బల్ల, బల్ల మీద ఒక రిజిస్టరు, రిజిస్టరు ముందు నేను. పేరు మార్క్, ఉద్యోగం టైమ్‌కీపర్. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని గంభీరంగా నడిచే మనిషిని, మిగతా ఆరు రోజులూ ఎవరు ఎన్నింటికి ఒంటేలుకి వెళ్ళారో, ఎన్నింటికి బయటికొచ్చారో రాసుకుంటూ గడిపాను. ఈ ఉద్యోగానికి మా ఇంట్లో ఒక పేరు పెట్టారు, అది ఇక్కడ చెప్పను. ఆ రిజిస్టరు కథంతా కోటిరత్నంతో ముడిపడింది కాబట్టి ఆవిడ సంగతే చెబుతాను.

కోటిరత్నానిది చిలకలూరిపేట దగ్గర పల్లె. యాభై దాటి ఉంటాయి, అడిగితే మాత్రం నలభై అయిదంటుంది. ముప్ఫయ్యేళ్ళు మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరింది. ఎండబోసిన కాయల్లో తెల్లబారినవి, మచ్చపడినవి తాలు. అవి ఎర్రకాయల్లో కలిస్తే సరుకంతా చెడ్డపేరు మోస్తుంది. ఎర్రటి రాశి ముందు గంటసేపు కూర్చుంటే మనబోటి వాళ్ళకి కళ్ళు మండి, లోకమంతా ఎర్రగా మారి, తాలేదో మేలేదో తెలియదు. కోటిరత్నం మాత్రం పక్కావిడతో వాళ్ళ అత్తగారి గురించి మాట్లాడుతూనే చెయ్యి పెట్టి తాలుకాయ లాగి అవతల పారేసేది. ఆవిడ ఏరిన రాశిలో ఒక్క తాలుకాయ చూపించినవాడికి కోడిని కోసిపెడతానని ఒక రైతు పందెం కాశాడట. ఆ కోడి ముసలిదై దానంతటదే చచ్చిపోయిందని కోటిరత్నం చెబుతుంది.

కిందటి ఏప్రిల్‌లో కల్లంలోనే వడదెబ్బ తగిలి పడిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మళ్ళీ ఎండలో కూర్చోబెడితే మాత్రం నా దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు ఆవిడ భర్త యలమందయ్యకి గట్టిగా చెప్పాడు. ప్రకృతి ఒడి, పైరగాలి, పచ్చని పొలాలు అని పలవరించే వాళ్ళందరినీ ఏప్రిల్ నెల మధ్యాహ్నం రెండింటికి మా కల్లాల్లో ఒక గంట కూర్చోబెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. సరే, కోటిరత్నం కల్లం మానేసింది. కానీ ఆవిడకి వచ్చిన పని అదొక్కటే, ఆవిడ పరువంతా ఆ పనిలోనే ఉంది. అందుకని జూన్‌లో మా దగ్గర చేరింది. మూడు నెలలు ట్రయల్. పని నచ్చితే పర్మినెంటు, లేకపోతే ఇంటికి.

మాది హైవే పక్కన మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీ. కోల్డ్ స్టోరేజీని ఆనుకుని కాయలు ఏరే హాలు. హాలుకి ఏసీ ఉంది, కిటికీలు లేవు. మధ్యలో బెల్టు మీద కాయలు పోతుంటాయి. దానికి రెండు పక్కలా నలభై మంది ఆడవాళ్ళు మూతులకి గుడ్డలు కట్టుకుని, ట్యూబులైట్ల కింద తలలు దించుకుని ఏరుతుంటారు. మాట్లాడకూడదు. వినపడేదల్లా బెల్టు చప్పుడు, తుమ్ములు, గోడ అవతల లారీ హారన్లు. ఎండ లేదు, చెమట లేదు, దుమ్ము లేదు. కోటిరత్నం మొదటి రోజు ఇదే స్వర్గమనుకుంది.

నాలుగో రోజు, క్వాలిటీ చూసే శ్రీరమ్య ఆవిడ ట్రే తిరగబోసి లెక్కపెట్టింది. "ఆంటీ, మీ ట్రేలో ఇరవై మూడు తాలు" అంది. పాపం ఆ పిల్ల మెల్లగానే అంది గానీ హాలంతా విన్నది. మర్నాడు ఇరవై ఆరు. సాయంత్రం గేటు దగ్గర కోటిరత్నం నన్ను ఆపి, "తమ్ముడూ, నా కళ్ళు పోయినయ్యేమో" అని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముప్ఫయ్యేళ్ళ పేరు వారంలో పోతే ఎవరికైనా ఏడుపే వస్తుంది. నాకూ బాధేసింది. కళ్ళజోడు కొనుక్కోమని ఒక పనికిమాలిన సలహా ఇచ్చి బండెక్కాను.

రెండో వారం నుంచి ఆవిడ బాత్రూముకి వెళ్ళడం మొదలుపెట్టింది. ముప్పావుగంటకోసారి లేస్తుంది, రెండు నిమిషాల్లో వస్తుంది. రోజుకి పన్నెండు సార్లు. ట్రేలో తాలు ఇరవై నుంచి ఆరుకి, ఆరు నుంచి సున్నాకి పడిపోయింది. ఈ రెంటికీ సంబంధం ఉందని మాలో ఒక్కడికీ తోచలేదు. గుంటూరు జిల్లాలో ఒక మనిషి పన్నెండుసార్లు బాత్రూముకి వెళ్తే ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. షుగరు.

నలభై మంది ఆడవాళ్ళూ ఒక్కరోజులో డాక్టర్లయిపోయారు. ఒకావిడ మెంతులు నానబెట్టి తెచ్చింది. ఒకావిడ నేరేడు గింజల పొడి తెచ్చింది. ఎలీసమ్మ అయితే రోజూ పొద్దున్నే సీసాడు కాకరకాయ రసం తెచ్చి, ఎదురుగా నిలబడి ఆఖరి చుక్క దాకా తాగించేది. క్యాంటీన్ నస్రత్ కోటిరత్నం టీలో చక్కెర వెయ్యడం మానేసింది. కోటిరత్నం షుగరుందని అనలేదు, లేదనీ అనలేదు. ఆ అనుమానం చాటున ఎవరూ అడ్డం చెప్పకుండా వెళ్ళిరావచ్చు గదా. కాకపోతే ఆవిడకి తీపంటే ప్రాణం. శ్రావణ శుక్రవారం బూరెలు పంచినప్పుడు నలభై జతల కళ్ళు ఆవిడ చేతినే కాపలా కాశాయి. ఆవిడ బూరె వాసన చూసి పక్కదానికి ఇచ్చేసింది.

ఇక మా మేనేజరు చైతన్యకృష్ణ. ముప్ఫై రెండేళ్ళు, పుణెలో చదివొచ్చాడు. చెడ్డవాడు కాదు. ఖాళీ దొరికితే కొత్త ఆలోచనలు వస్తాయి, అదొక్కటే ఆయన జబ్బు. పనిచేసేవాళ్ళకి ప్రకృతి కనిపిస్తే మనసు నిలకడగా ఉంటుందని ఎక్కడో చదివాడు. గోడ పగలగొట్టి కిటికీ పెడితే ఏసీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి, హాలు గోడ నిండా జలపాతం బొమ్మున్న ఒక ఫ్లెక్సీ అంటించాడు. ఏ దేశపు జలపాతమో గానీ పైనుంచి కిందికి ధారగా పడుతూ ఉంటుంది. పొద్దస్తమానం అది ఎదురుగా పెట్టుకుని ఎవరు మాత్రం ఆపుకోగలరు? రోజుకి రెండుసార్లు లేచేవాళ్ళు ఆరుసార్లు లేచారు. తొమ్మిదో రోజు జలపాతం పీకించేశాడు. దాన్ని కోటిరత్నం భర్త యలమందయ్య అడిగి పట్టుకెళ్ళి గడ్డివాము మీద కప్పాడు. వానకి బాగానే ఆగుతోందట.

జలపాతం పోయిన మర్నాడు రిజిస్టరు వచ్చింది, దాని వెనక నేను. వారం తిరిగేసరికి అందరి లెక్కా మూడుకి, నాలుగుకి దిగింది. కోటిరత్నం పన్నెండు దగ్గరే ఉంది. "పాపం, షుగరు ముదిరినట్టుంది" అని చైతన్యకృష్ణ జాలిపడి, కంపెనీ ఖర్చుతో రక్తపరీక్షల క్యాంపు పెట్టించాడు. కోటిరత్నం ఆ రోజు సెలవు పెట్టబోయింది, ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని వరసలో నిలబెట్టింది. ఆవిడ షుగరు తొంభై రెండు. నా షుగరు రెండొందల పది అని తేలింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరికంటే ఎక్కువ మండిపడింది ఎలీసమ్మ. రెండు నెలల కాకరకాయలు ఎవరు తెచ్చిస్తారని నిలదీసింది.

శుక్రవారం పదకొండింటికి కోటిరత్నాన్ని మేనేజరు గదికి పిలిచారు. శ్రీరమ్యని ట్రేల కాగితాలతో, నన్ను రిజిస్టరుతో రమ్మన్నారు. ట్రయల్ మర్నాటితో ఆఖరు.

"జబ్బు లేదు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటున్నాం. మరి లోపల ఏం చేస్తున్నావమ్మా? నిజం చెప్పకపోతే రేపటితో పని ఆపేయాల్సి వస్తుంది" అన్నాడు చైతన్యకృష్ణ.

కోటిరత్నం నేల చూసింది, తర్వాత ఆయన్ని చూసింది. "చెట్టు చూస్తన్నానండి" అంది.

శ్రీరమ్యకి నవ్వొచ్చింది. మేనేజరుకి రాలేదు.

"కల్లంలో తల దించి నాలుగు కాయలేరితే ఒకసారి తల ఎత్తేదాన్నండి. మబ్బేమన్నా పట్టిందేమో చూడాలి గదా, వానొస్తే కాయలన్నీ తడిసిపోతయ్. మబ్బు చూసి, దారిన పోయేవోళ్ళని చూసి, మళ్ళీ తల దించితే తాలుకాయ దానంతటదే కనపడిద్ది. ఈడ తలెత్తితే గోడ. కళ్ళకి ఎరుపు అట్టాగే అంటుకుని ఉండిపోయిద్ది. బాత్రూములో పైన వెంటిలేటర్ ఉంది గదండి, బకెట్టు బోర్లేసి ఎక్కితే తుమ్మచెట్టు కనపడిద్ది. దాని కిందకి గేదె వచ్చిద్ది."

"గేదెని చూడ్డానికి రోజుకి పన్నెండు సార్లా?"

"గేదె ఒక్కసారేనండి. మిగతా పదకొండు సార్లు చెట్టే."

"మీకోసమే కదమ్మా జలపాతం పెట్టించాను" అన్నాడాయన. గొంతులో నిజంగా బాధ ఉంది.

"ఆ నీళ్ళు కదలవు గదండి. రెండో రోజుకల్లా అదీ గోడే అయిపోయింది."

మేనేజరు పెన్ను తీశాడు. అది దేనికో మాకు తెలుసు. నేను ఉద్యోగంలో ఎప్పుడూ అడక్కుండా నోరు తెరిచినవాణ్ణి కాదు. ఆ రోజు ఎందుకో, "సార్, రిజిస్టరు ఒకసారి చూడండి" అన్నాను. శ్రీరమ్య తన కాగితాలు దాని పక్కన పరిచింది. కోటిరత్నం లోపలికెళ్ళి వచ్చాక నింపిన ప్రతి ట్రే సున్నా. మంగళవారం పంపు బాగుచెయ్యడానికి బాత్రూము మధ్యాహ్నం దాకా మూశారు. ఆ పూట ఆవిడ ట్రేల్లో పంతొమ్మిది. ఇన్నాళ్ళూ ఈ రెండు కాగితాలూ ఒకే హాల్లో పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఎవరి కాగితం వాళ్ళం చూసుకుని మురిసిపోయాం.

చైతన్యకృష్ణ రెంటినీ రెండుసార్లు చదివాడు. పెన్ను జేబులో పెట్టి లేచాడు. "బాత్రూములో ఎవరూ లేకుండా చూడండి" అన్నాడు.

ఆయన లోపలికెళ్ళాడు, మేం ముగ్గురం తలుపు బయట నిలబడ్డాం. చెయ్యి అలవాటు ఊరుకోదు కదా, రిజిస్టరులో రాశాను: చైతన్యకృష్ణ, లోపలికి 11.12. బకెట్టు బోర్లించిన చప్పుడైంది. 11.21కి బయటికొచ్చాడు.

"చెట్టుంది. గేదె లేదు" అన్నాడు, దొంగని పట్టుకున్నట్టు.

కోటిరత్నం గోడ గడియారం వంక చూసింది. "అది పదకొండున్నరకి వచ్చిద్దండి. మీరు తొందరపడ్డారు" అంది.

ఆయన తన వాచీ చూసుకున్నాడు. మా ముగ్గురినీ చూశాడు. మళ్ళీ లోపలికెళ్ళాడు. 11.24. ఈలోపు బయట ఇద్దరు ఆడవాళ్ళు నిజమైన అవసరంతో వచ్చి కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. బెల్టు దగ్గర పని ఆగిపోయింది. అంతసేపు లోపల ఏం చేస్తున్నాడా అని నలభై మందీ తలుపు వంక చూస్తున్నారు. ఆయన 11.43కి వచ్చాడు. చొక్కా మోచేతికి సున్నం అంటుకుని ఉంది. నేను ఆ ఆఫీసులో ఆయన మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

"ఎవరిదా గేదె?" అన్నాడు.

"లారీ షెడ్డు కాడ హయాత్ గారిదండి. మొన్ననే ఈనింది. దూడ కనపడిందాండి?"

"కనపడింది" అన్నాడాయన. మోచేతి సున్నం దులుపుకుంటూ, "తోక మీద తెల్లమచ్చ ఉంది" అన్నాడు.

కిటికీ పెట్టలేదు. ఏసీ ఖర్చు పెరిగితే కుదరదని పైవాళ్ళు రాశారట. శనివారం పర్మినెంటు ఆర్డరు కాగితం మీద మాత్రం కోటిరత్నం పేరు వచ్చింది, సోమవారం బాత్రూములోకి బకెట్టుకి బదులు ఒక ఇనప స్టూలు వచ్చింది. రిజిస్టరు బీరువాలోకి పోయింది. నా బల్లని గేటు దగ్గరికి మార్చారు.

ఆ సోమవారం సాయంత్రం నస్రత్ ఎవరూ చెప్పకుండానే కోటిరత్నం టీలో మూడు చెంచాల చక్కెర వేసింది. ఆవిడ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. "ఏందే ఇది, పానకం. రెండు నెల్లు అబద్ధమాడి నాలిక చెడగొట్టుకున్నా" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. నాకు షుగరుందని గుర్తుచేశాను.

"ఇయ్యాల్టికి తాగు" అంది. "రోజుకి పన్నెండుసార్లు బయటికొచ్చేటప్పుడల్లా ముందు నీ మొహమే కనపడేది తమ్ముడూ. ఆ తలుపుకేసి చూసీ చూసీ అచ్చం తాలుకాయలాగా తెల్లబారిపోయావు."

ముప్ఫయ్యేళ్ళుగా గురి తప్పని కన్ను అది. గేటు దగ్గర నా బల్లకి ఎదురుగా హైవే, లారీలు, డివైడర్ మీద దుమ్ముకొట్టుకుపోయిన గన్నేరు మొక్కలు. గ్లాసు పట్టుకుని వాటివంక చూస్తూ టీ మొత్తం తాగాను.