నుదుటి మీద చెయ్యి

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ బస్టాండులో కోదాడ బస్సు కోసం కూర్చున్నాను. నా బెంచీ పక్కనే, సంచీ తలకింద పెట్టుకుని నేలమీద పడుకున్న ఒకామె లేచి నావైపు జరిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. గుడుంబా వాసన గుప్పున కొట్టింది.

"అక్కా, నా నొసల మీద చెయ్యిపెట్టి జెరమున్నదేమో సూడవా?" అంది.

నేను చెయ్యి చాపబోతే తనే ఆపింది.

"ముందుగాల చెప్తున్న. నాకు ఎయిడ్స్ ఉన్నది. నా పెనిమిటి లారీ డ్రైవరు, దానితోనే పోయిండు. అత్తగారోళ్లు ఎల్లగొడితే ఇగ గీడనే ఉంటున్న. జెరమొస్తే ఆగకుండ రమ్మన్నరు దవాఖానల. తాగకుంటే నిద్ర రాదు, తాగితే ఒళ్లు కాలుతది. ఏది జెరమో నాకు తెలుస్తలేదు."

అప్పట్లో ఆ జబ్బు పేరు వింటేనే జనం దూరం జరిగేవారు. నాకూ భయం వేసింది. అయినా చెయ్యి పెట్టాను. నుదురు చల్లగానే ఉంది.

"జ్వరం లేదమ్మా."

"ఇంకొంచెంసేపు సూడక్కా," అంది కళ్లు మూసుకుని.

కోదాడ బస్సు వచ్చింది. కండక్టరు అరిచి అరిచి వెళ్లిపోయాడు. నేను చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి తనే నా చేతిని మెల్లగా దించి, "ఇయ్యాల మల్ల తాగకున్నా నిద్ర పడ్తదేమో," అంటూ పడుకుంది.

తర్వాతి బస్సు వచ్చేసరికి గాఢంగా నిద్రపోతోంది. లేపబుద్ధి కాక, చెప్పకుండానే ఎక్కాను. లేచాక నాకోసం అటూ ఇటూ చూసిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.