దించిన కళ్ళ పెళ్ళికూతురు

బొయొలాలి దాటాక ఎక్కుడు రోడ్డులో బస్సు ఆగింది. పొగలు కక్కుతున్న కారు పక్కన నిలబడి ఒకావిడ చెయ్యి ఊపుతోంది. చంకలో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు దుప్పటి చుట్టిన మూట. బస్సెక్కి, సీట్లన్నీ కలియజూసి, చివరికి వాగియెమ్ పక్కన కూలబడింది.

"కాస్త జరుగు పెద్దమ్మా. దీన్ని కింద పెట్టడానికి లేదు. పాత కొయ్యబొమ్మ."

వాగియెమ్ జరిగింది. జరగమన్న వాళ్ళకల్లా జరగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అంపెల్‌లో మేనకోడలి ఇంట కందూరి విందు ఉందని, ఉన్న నాలుగు చీరల్లో మంచిది కట్టుకుని బయల్దేరింది. జడముడిలో పిన్నుకి బదులు కుంచె దోపుకుని ఉంది. ఆవిడ చూపు సరిగ్గా దాని మీదే పడింది.

"రంగులు వేస్తావా?"

"కసోంగాన్ కుమ్మరివాడలో అమ్మగారూ. మట్టి పెళ్ళిజంటలకి మొహాలు దిద్దుతాను."

"చూశావా, దేవుడే పంపాడు! నా పేరు హేరావతి. జనాల ఇళ్ళకి బొమ్మలు ఎంచి, ఎక్కడ నప్పుతాయో అక్కడ పెట్టిస్తాను. అందరూ కొనడమైతే కొంటారు కానీ, కొన్న ఏనుగుని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెడతారు. చెప్పేవాళ్ళుండాలి కదా!"

అలా అంటూ దుప్పటి తొలగించింది. మోకాళ్ళు మడిచి, కళ్ళు దించి కూర్చున్న కొయ్య పెళ్ళికూతురు. కుడిచేతి చిటికెనవేలు మొదట్లో తేనెరంగు మచ్చ. చిన్నప్పుడు వాగియెమ్ విరగ్గొడితే, తండ్రి గుగ్గిలం కరిగించి అతికించిన వేలు అది.

ఆ దేశంలో పాతకాలపు ఇళ్ళలో నడిగది ముందు ఇలాంటి జంట కూర్చునేది. వరుడు కుడివైపు, వధువు అతనికి ఎడమవైపు. ధాన్యలక్ష్మీ, ఆమె పెనిమిటీ అంటారు. దేవుళ్ళంటే దేవుళ్ళు, ఇంట్లోవాళ్ళంటే ఇంట్లోవాళ్ళు. కొత్త కోడలు మొదటి రాత్రి వాళ్ళముందు నుంచి వంగి నడిచి లోపలికి పోవాలి. వాగియెమ్ తల్లి అలాగే పోయింది, వాగియెమ్ కూడా.

ఆ వాగియెమ్ నోట ఒక మాట ఉంది: "ఇంగ్గీ". మన "చిత్తం" దానికి దగ్గర. అవునని అర్థం కాదు, విన్నానని. పెద్దల ముందు కాదనాలన్నా అక్కడివాళ్ళు ఆ మాటే అంటారు. ఆపైన పని జరగదు, అవతలివాళ్ళు గ్రహించుకుంటారు. అవసరం ఉన్నవాళ్ళకి మాత్రం ఆ గ్రహింపు చప్పున మాయమవుతుంది. మొగుడు మారు మనువు చేసుకుంటానన్నప్పుడు ఆమె తలవంచుకుని ఇంగ్గీ అంది. అతను చేసుకున్నాడు. తమ్ముడు పోనిరాన్ వచ్చి, "అక్కా, అమ్మ జంటకి చెద పడుతోంది, తీసేద్దామా?" అంటే మళ్ళీ అదే మాట. తర్వాత చూద్దామని ఆమె మనసులో. పని నుంచి తిరిగొచ్చేసరికి నడిగది ముందు దుమ్ముపడని రెండు చోట్లు మిగిలాయి.

"పెళ్ళికొడుకేడి అమ్మగారూ?"

"అతను సెమరాంగ్‌లో ఉన్నాడు. ఈత కొలను పక్కన భలే నప్పాడులే. జంటగా ఎవరికి కావాలి ఇప్పుడు? పెళ్ళిపందిరిలా ఉంటుంది. ఒంటరి బొమ్మలోనే ఉంది అందం." హేరావతి వేలితో బొమ్మ రెప్పలు తడిమింది. "ఒకటే లోపం. నేల చూపులు. వచ్చినవాళ్ళని చూడదు. సలతిగ దాకా వచ్చి కళ్ళు తెరిపిస్తావా?"

"ఇంగ్గీ," అంది వాగియెమ్.

నాలుక చేసిన పని. అంపెల్ వచ్చింది, పోయింది.

సలతిగలో ఆ ఇల్లు కొత్తది, ఇంకా సున్నం వాసన కొడుతోంది. ఇంటివాళ్ళు దిగలేదు. హేరావతి పెళ్ళికూతుర్ని మెట్ల దగ్గర పెట్టి చూసింది, తీసింది. చేపల తొట్టి పక్కన పెట్టింది. "ఊహూ, చేపలే బాగున్నాయి." చివరికి చెప్పుల బీరువా పైన గూట్లో కూర్చోబెట్టి దీపం వేసింది.

"ఇక్కడైతే తలుపు తీయగానే కనబడుతుంది. ఇక కానియ్యి పెద్దమ్మా."

వాగియెమ్ కింద కూర్చుంది.

"అమ్మగారూ, ఈమె మా అమ్మది. నన్ను తీసుకుపోనివ్వండి. ఎన్నాళ్ళు పనిచెయ్యమంటే అన్నాళ్ళు చేస్తాను."

హేరావతి బిత్తరపోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. వచ్చి పక్కనే కూర్చుంది కూడా.

"పోనిరాన్ అక్కవి నువ్వేనా? అయ్యో. నేను గుచ్చిగుచ్చి అడిగాను పెద్దమ్మా, 'మీ అక్క ఒప్పుకుందా' అని. ఒట్టేశాడు. ఇంగ్గీ అందన్నాడు. అన్నావా, లేదా?"

"అన్నాను."

"బస్సులో నాతోనూ అన్నావుగా. అనకపోతే నిన్ను ఇంతదూరం ఎందుకు తీసుకొస్తాను? ఇప్పుడు ఈ ఇంటివాళ్ళకి మాటిచ్చేశాను. మాటంటే మాటే కదా."

తమ్ముడిని తిట్టుకుందామంటే అబద్ధం చెప్పలేదు వాడు.

జడముడిలోంచి కుంచె తీసింది. హేరావతి తెచ్చిన రంగులు కలిపింది. తెల్లగుడ్డు, నల్లపాప, సన్నటి అంచు. కళ్ళు దించినంతసేపూ ఆ మొహంలో తల్లి ఉంది. తెరిచాక లేదు. కొట్టులో బొమ్మ, ఎవరి బొమ్మయినా కావచ్చు. ఎదురుగా గోడకేసి చూస్తోంది. కుడిపక్కన ఎవరూ లేని సంగతి ఇప్పుడు ఎవరికైనా తెలిసిపోతుంది.

"అబ్బ! ప్రాణం వచ్చింది!" హేరావతి వెనక్కి నడిచి, తల అటూ ఇటూ వంచి చూసింది. "చెప్పు పెద్దమ్మా, ఇక్కడే కదా బాగుంది?"

వాగియెమ్ కుంచె చీరకొంగుకి తుడుచుకుంది. మంచి చీర. నల్లరంగు అంటుకుపోయింది.

"ఏం? బాగాలేదా?"

ఆ దేశంలో పక్కింటి అరుగు మీంచి నీళ్ళబావి దాకా పోయినా "సెలవు" అని చెప్పి పోవాలి. చెప్పకపోతే పెంచినవాళ్ళని తిడతారు. వాగియెమ్ లేచింది. చెప్పుల బీరువా ముందు విప్పిన చెప్పులు తొడుక్కుంది. ఈసారి బొమ్మ ముందు నుంచి వంగి నడవలేదు.

"చేతులు కడుక్కోవాలా? పంపు పెరట్లో ఉంది, అటు కాదు," అంది హేరావతి దీపం సర్దుతూ.

వాగియెమ్ గేటు తీసుకుని రోడ్డెక్కింది.