గాల్లో గంటంపావు, నేల మీద రెండు గంటలు

ఆ రెండు నగరాల మధ్య ఏడొందల కిలోమీటర్ల దారి, అందరూ బస్సక్క అని పిలిచే ఆ డ్రైవరమ్మకి కొట్టినపిండి. ఇరవై ఏళ్లుగా అదే రూటు. పొద్దున్నే ఇక్కడ స్టీరింగ్ పట్టుకుంటే రాత్రి భోజనాలు దాటాక అక్కడ దింపేది. విమానాలు మొదలయ్యాక బస్సులో సీట్లు ఖాళీ పడుతుంటే తోటి డ్రైవర్లు డీలాపడిపోయారు. ఆవిడ మాత్రం, "ఎగిరేవాళ్లని ఎగరనివ్వండి, మన బండికేం తక్కువ?" అని కొట్టిపారేసేది.

అలాంటి మనిషి విమానం ఎక్కాల్సొచ్చింది తమ్ముడి వల్లే. అతను అవతలి నగరంలో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే గుండెనొప్పని పడిపోయాడు. మరదలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"వదినా, సాయంత్రమే ఆపరేషన్ అంటున్నారు. నువ్వొస్తే గానీ లోపలికి వెళ్లనని మొండికేస్తున్నాడు."

"వాడి మొండితనం నాకు కొత్తా? బయల్దేరానని చెప్పు."

కూతురు అప్పటికప్పుడు టికెట్ తీసింది. "గంటంపావులో దిగిపోతావమ్మా" అంటే, "చూద్దాం" అంది.

కిటికీ పక్క సీటు దొరికింది. కింద ఘాట్ రోడ్డు నూలుపోగులా మెలికలు తిరిగి కనపడింది. రెండో గేరులో ముక్కుతూ మూలుగుతూ బస్సునెక్కించే కొండ అది. నీళ్లు తాగి చూసేసరికి వెనక్కి వెళ్లిపోయింది. అద్దానికి అతుక్కుపోయిన ఆవిణ్ణి చూసి పక్కాయన అడిగాడు, "మొదటిసారా? భయంగా ఉందా?"

"భయమెందుకండీ? ఆ రోడ్డు నాదే. పైనుంచి చూడ్డం మాత్రం ఇదే మొదలు."

కూతురు చెప్పినట్టే గంటంపావులో దిగింది. అసలు ప్రయాణం అప్పుడు మొదలైంది. విమానాశ్రయం ఊరికి ఆమడల దూరంలో ఉంది. బస్సన్నది లేదు. ట్యాక్సీ వరసలో నిలబడి, ట్రాఫిక్‌లో నత్తలా పాకి ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు పట్టింది.

తమ్ముణ్ణి అప్పుడే స్ట్రెచర్ మీదికి మారుస్తున్నారు. "బస్సు ఇంత తొందరగా ఎలా తోలావక్కా?" అన్నాడు నీరసంగా.

"వాగకుండా లోపలికెళ్లు. ఇక్కడే కూర్చుంటా." తలుపు మూసుకున్నాక మరదలి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముడు లేచి తిరగడం చూసుకుని ఇంటికొచ్చిన మర్నాడే ఆవిడ డిపో మేనేజర్ గదిలోకి వెళ్లింది.

"సార్, మన విమానాశ్రయం నుంచి కూడా ఊళ్లోకి బస్సు లేదు. ఒక బండి నాకివ్వండి."

"విమానంలో తిరిగేవాళ్లు మన బస్సెందుకు ఎక్కుతారమ్మా?"

"దిగాక వాళ్లూ నేల మీదే వెళ్లాలి కదండీ."

ఆయన నవ్వి, మూలపడి ఉన్న బండొకటి ఇచ్చాడు. మొదటివారం ఈగలు తోలుకోవడమే అయింది. ఆవిడ వెనక్కి తగ్గలేదు. గేటు దగ్గర నిలబడి, కేకలేసి మరీ జనాన్ని ఎక్కించుకుంది. పెట్టెలు పెట్టుకోవడానికి వెనక సీట్లు తీయించింది. నెల తిరిగేసరికి నిలబడి వెళ్లేవాళ్లు కూడా తయారయ్యారు. మేనేజర్ మరో మూడు బండ్లు వేశాడు. డీలాపడ్డ డ్రైవర్లకి డ్యూటీలు దొరికాయి.

తమ్ముడు బాగా కోలుకున్నాక చూడ్డానికొచ్చాడు. విమానం దిగి ఆవిడ బస్సులోనే ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ చప్పుడు గురించి దారిపొడుగునా సలహాలిచ్చాడు. ఆవిడ ఒక్కటీ వినలేదు.