ఎర్రబడని అరచేతులు

డెర్బీ మైదానంలో ఫాస్ట్ బౌలర్ రూబెన్, వయసు మీదపడినా, ఇప్పటికీ ఒకప్పటంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి బంతి వేస్తాడు. నల్లబడిన బొటనవేలి గోరు ఒరుసుకోకుండా ఎడమ బూటు ముందు భాగం కోయించుకున్నాడు. బంతి రుద్దిన చోట ప్యాంటు మీద ఎర్ర మరక, ఉతికినా పోని సాయంత్రంలా ఉంటుంది. వికెట్లకు బాగా వెనక నిలబడి బంతి అందుకున్న ప్రతిసారీ వికెట్ కీపర్ లెన్ చేతులు విదిలిస్తాడు. "చంపేశావురా రాక్షసుడా! అరచేతులు మండిపోతున్నాయి!" ఆ కేక వింటే చాలు, రూబెన్ మోకాలి నొప్పి మరిచిపోతాడు. వచ్చే ఏడు తనను జట్టులో ఉంచుతారో లేదో ఈ మ్యాచ్ అయ్యాకే చెబుతారు.

టీ విరామంలో లెన్ గ్లవుజులు తీసి కప్పు అందుకున్నాడు. ఒకప్పుడు ఆ చేతులు కందిపోయి కప్పు పట్టలేకపోయేవి. ఇవాళ పాలలా తెల్లగా ఉన్నాయి. రూబెన్ చూపు పసిగట్టి, లెన్ గబుక్కున పిడికిలి బిగించాడు.

"నొప్పిగా ఉందా?"

"ప్రాణం పోతోందిరా."

రూబెన్ తలూపి బూటు లేసు బిగించుకున్నాడు.

విరామం తర్వాత పరుగు మొదలుపెట్టబోయి ఆగాడు. "లెన్, ముందుకు రా. వికెట్ల దగ్గరే నిలబడు."

నెమ్మదిగా వేసేవాళ్లకే కీపర్ అక్కడ నిలబడతాడు. పరామర్శకు వస్తున్నవాడిలా తలవంచుకుని, లెన్ గడ్డి మీద మెల్లగా నడిచి వచ్చాడు.